తుక్కు యార్డులో రైలుబండి

పుట్టినరోజుకో, దసరా సెలవులకో ఇంటికి ఓ బొమ్మ రైలు వస్తుంది. మొదటిరోజు ఇల్లంతా దాని సందడే. హాలు మధ్యలో పట్టాలు గుండ్రంగా పరిచి, సెల్లులు వేసి, మీట నొక్కగానే గిర్రున తిరుగుతుంది. నానమ్మ కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తుంది. రెండోరోజు పిల్లాడొక్కడే చూస్తాడు. మూడోరోజు వాడికో అనుమానం వస్తుంది.

‘‘యాడికి పోతా ఉండాది నాయినా ఇది?’’

‘‘యాడికీ పోదు అబ్బయ్యా. తిరగతా ఉంటాది, అంతే.’’

అంతే... వారం తిరక్కుండా రైలు అట్టపెట్టెలోకి, పెట్టె అటక మీదికి!

తప్పు పిల్లాడిది కాదు, రైలుది అసలే కాదు. మనం దానికి పనేమీ చెప్పలేదు. స్టేషన్లో బెంచీ మీద గంటసేపు కూర్చుని వచ్చేపోయే బళ్లను చూసినా మనకు విసుగు రాదెందుకు? ప్రతి బండీ ఎక్కడి నుంచో వస్తుంది, ఏదో మోస్తుంది, ఎక్కడో దింపుతుంది. హాల్లో తిరిగేది మాత్రం గానుగెద్దు. దానికీ ఓ పని ఇస్తే? విదేశాల్లో నమూనా రైళ్లను సరదాగా మొదలుపెట్టి ముసలితనం దాకా వదలనివాళ్లు చేసేది అదే. పట్టాలు పరిచే ముందే ‘ఈ రైలు ఎవరికోసం, ఏం మోయాలి?’ అని తేల్చుకుంటారు. ఆ ప్రశ్నకు చిన్న ఇంట్లో, తక్కువ ఖర్చుతో, ఎక్కువ పని దొరికే జవాబు ఒకటుంది. అదే తుక్కు యార్డు. అవును, పాత ఇనుము పోగేసే చోటే! ఈ ఆదివారం నెల్లూరు తీరంలో అలాంటి ఓ యార్డును బల్లమీద కట్టే పథకం వేద్దాం.

బొగ్గు ఎందుకు వద్దంటే...

కృష్ణపట్నం అనగానే ఎవరికైనా తట్టేది బొగ్గు బండే. మరి దాన్నే కట్టొచ్చు కదా అంటారా? లెక్క చూడండి. బొగ్గు మోసే ‘బాక్స్‌ఎన్’ వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత ‘హెచ్ఓ’. అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఆ లెక్కన ఒక వ్యాగన్ 12.3 సెంటీమీటర్లు. బాగానే ఉంది. కానీ బొగ్గు బండికి ఉండేది ఒకటీ రెండూ కాదు, 58 వ్యాగన్లు. బొమ్మలో కూడా ఏడు మీటర్లు దాటిపోతుంది. ఇంజన్ ఇంకా తగిలించనేలేదు! పోనీ ఇంటి గోడలు పగలగొట్టి పెట్టామే అనుకోండి, అన్నీ ఒకేలాంటి వ్యాగన్లు. వస్తుంది, కుమ్మరిస్తుంది, పోతుంది. మళ్లీ గానుగెద్దే.

తుక్కు యార్డు అలా కాదు. అక్కడికొచ్చే ప్రతి వ్యాగనూ వేరు. ఒకదాంట్లో అరిగిన పట్టాల ముక్కలు, ఇంకోదాంట్లో చక్రాలూ ఇరుసులూ, మరోదాంట్లో విరిగిన బ్రేకు దిమ్మలు. కొన్ని వ్యాగన్లయితే మోయడానికి రావు, తామే ముక్కలవడానికి వస్తాయి. వాటి ఒంటిమీద తెల్లరంగుతో ‘కండెమ్డ్’ అని రాసి ఉంటుంది. దేన్ని ముందు పెట్టాలి, దేన్ని క్రేన్ కిందికి తోయాలి, ఏది కాటా ఎక్కాలి... ఇంజన్‌కి ఊపిరాడదు. పైగా యార్డంటేనే చిందరవందర. మీ చేతి పనితనం కాస్త అటూఇటూ అయినా ఎవరికీ తప్పుగా కనపడదు. పట్టా వంకరైతే ‘పాత సైడింగ్ కదండీ’ అనేయొచ్చు!

ఇక్కడ ఓ మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఏదో కర్మాగారానికి రెండు వ్యాగన్లు, ఇంకోచోట మూడు వ్యాగన్లు వదిలి వెళ్లే పద్ధతి మన రైల్వేలో దాదాపు ఎనభైల్లోనే ముగిసిపోయింది. ఇప్పుడన్నీ మొత్తం బండిగా నడిచే రేకులే. చిల్లర సరుకంతా లారీలకు పోయింది. అందుకని ఊళ్లోని పాత ఇనప కొట్టుకు రైలు వస్తున్నట్టు కడితే తెలిసినవాళ్లు నవ్వుతారు. దానికి బదులు రైల్వేవాళ్ల సొంత తుక్కు డిపోను కడదాం. ఆయుష్షు తీరిన వ్యాగన్లు, పెట్టెలు, తీసేసిన పట్టాలు అక్కడ పోగవుతాయి. వాటిని రకాలవారీగా ‘లాట్లు’ కట్టి వేలం వేస్తారు. ఒకప్పుడు వ్యాపారులు డిపోకే వచ్చి పాట పాడేవారు, ఇప్పుడా వేలం ఆన్‌లైన్‌లోనే. అలాంటి డిపోలో ఒకటీ రెండూ వ్యాగన్లతో ఇంజన్ సతమతమవడం సహజంగా ఉంటుంది.

వెంకటాచలం దగ్గర ఓ మలుపు

మన యార్డు ఎక్కడుండాలి? విజయవాడ-మద్రాసు మార్గం 1899లో కలిసింది. ఆ దారిలో నెల్లూరు దాటాక, గూడూరు రాకముందే వెంకటాచలం వస్తుంది. 2008లో రేవు తెరుచుకున్నాక అక్కడి నుంచి తూర్పుగా చీలిన పట్టాల మీద కృష్ణపట్నానికి బళ్లు నడవడం మొదలైంది. ఆ తర్వాత 2019 సెప్టెంబరు 1న పడమటి దారి కూడా తెరుచుకుంది. ఓబులవారిపల్లె నుంచి వెలుగొండలను తొలుచుకుంటూ రాపూరు మీదుగా వచ్చే మార్గం అది. బళ్లారి వైపు ఇనప ఖనిజానికి రేవు దారి దగ్గర చేయాలన్నది ఆ ఆలోచనకు మూలం. అంటే ఈ చిన్న ఊరి దగ్గర నాలుగు దిక్కుల బళ్లు కలుస్తాయి. మన బల్లకు ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? రేవుకు వెళ్లే దారి పక్కన ఓ సైడింగ్, ఆ సైడింగ్ చివర తుక్కు డిపో. డిపో మాత్రం మన కల్పనే, వెతుక్కుంటూ వెళ్లకండి.

ఖనిజం దారిలో తుక్కు పెట్టడం సరదాకి మాత్రమే కాదు. రెండూ చివరికి చేరేది కొలిమికే. కేంద్రం 2019లో తెచ్చిన ఉక్కు తుక్కు విధానంలో ఓ లెక్క ఉంది. టన్ను తుక్కు కరిగిస్తే 1.1 టన్నుల ఇనప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయట. మన పిల్లాడు నెట్టే ఆ చిన్న వ్యాగన్ వెనక ఇంత కథ ఉంది.

ఇక చుట్టూ ప్రకృతి. అదృష్టం ఏమిటంటే నెల్లూరు తీరం చదునుగా ఉంటుంది. కొండలు కట్టక్కర్లేదు. ఓ వరస తాటిచెట్లు, సముద్రం వైపు సరుగుడు తోపు, మూలగా ఓ రొయ్యల గుంట, అంచున బకింగ్‌హాం కాలువ. అంతే, చూసినవాళ్లు ‘మన వైపే’ అనేస్తారు. చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్లటి సిలికా ఇసుక గుప్పెడు చాలు, బల్లంతా పరిచేయొచ్చు. గూడూరు చుట్టుపక్కల అభ్రకానికి పేరు. దాని పలచటి రేకు దొరికితే రొయ్యల గుంటలో నీళ్లుగా పెట్టండి. ఎండ పడ్డట్టు మెరుస్తుంది. ఏ విదేశీ దుకాణంలో కొన్న ‘వాటర్ ఎఫెక్టూ’ దానిముందు దిగదుడుపే. తాటాకులు పచ్చ కాగితంతో, సరుగుడు పాత చీపురు పుల్లల చివరలతో. ఆ పనులు ఇంట్లో ఆడపిల్లలకి, అమ్మలకి అని కాకుండా అందరూ చేయండి. నాన్నలు వైర్ల దగ్గరే కూర్చుండిపోవడం ఈ సరదాలో పాత జబ్బు!

మంచమంత రైల్వే

బొమ్మ రైలు కొన్నవాళ్లు ముందుగా ఎనిమిది-నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చేస్తారు. హెచ్ఓలో బండి గుండ్రంగా తిరగాలంటే దాదాపు నాలుగడుగుల వెడల్పు కావాలి మరి. రెండు గదుల ఇంట్లో ఆ షీటు పెట్టేదెక్కడ? మనకు చుట్టు తిరగడమే వద్దు కాబట్టి ఆ బాధ లేదు. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలక చాలు. పని అయిపోయాక మంచం కిందికి తోసేయొచ్చు.

దీనికి పథకం ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఇంగ్లండుకు చెందిన అలన్ రైట్ అనే ఔత్సాహికుడు ‘ఇంగిల్‌నుక్ సైడింగ్స్’ పేరుతో ఓ చిన్న నమూనా చేశాడు. ప్రపంచంలో ఎక్కువమంది అనుకరించిన బుల్లి రైల్వేల్లో అదొకటి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక దారి, రెండు పాయింట్లు, మూడు సైడింగులు. అంతే. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజన్ ముందుకు లాగే దారిలో ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లకే చోటు. కిటుకంతా ఆ ఇరుకులోనే ఉంది.

దాన్ని మన వ్యాగన్లకు మార్చుకుందాం. ఐదు బాక్స్‌ఎన్‌లకు 62 సెంటీమీటర్లు. మూడింటికి 37. మన పాత డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 అసలు పొడవు 17.12 మీటర్లు, బొమ్మలో దాదాపు 20 సెంటీమీటర్లు. కాబట్టి లాగే దారి 57. పాయింట్లకు ఒక్కోదానికి పాతిక వేసుకోండి. కప్లింగులకు, చివర బఫర్లకు కాస్త వదిలితే మొత్తం ఆరడుగుల్లో సర్దుకుంటుంది. అంతకంటే చిన్నది కావాలంటే 160వ వంతు ఉండే ‘ఎన్’ కొలత ఉంది. అందులో వ్యాగన్ 6.7 సెంటీమీటర్లే, పలక మూడున్నర అడుగులే. కానీ చిన్న పిల్లల చేతులకు, చత్వారం వచ్చిన తాతయ్య కళ్లకు హెచ్ఓనే నయం.

ఏమీ కొనకముందే ఓ పని చేయండి. పాత పేపర్లు అతికించి ఆరడుగుల కాగితం చేసి, దానిమీద పట్టాలు అసలు సైజులోనే గీయండి. అట్టతో 12.3 సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిది కత్తిరించండి. అవే వ్యాగన్లు. ఇరవై సెంటీమీటర్ల ముక్క ఇంజన్. వాటిని చేత్తో తోస్తూ రెండ్రోజులు ఆడండి. సరదా పుడితే అప్పుడు పలక, పట్టాలు, ఇంజన్. పుట్టకపోతే పోయిందేమీ లేదు, పేపర్లు మళ్లీ పాత పేపర్లవాడికే!

యార్డులో ఏ సైడింగ్ ఏమిటో కూడా అప్పుడే తేలిపోతుంది. పొడుగాటిది వచ్చిపోయే బళ్లది. బయటి నుంచి వచ్చిన వ్యాగన్లను పెద్ద ఇంజన్ అక్కడే వదిలిపోతుంది, సిద్ధమైన బండీ అక్కడి నుంచే బయల్దేరుతుంది. రెండోది క్రేన్ కిందిది. మూడోది గ్యాస్ కటింగ్ జరిగే చోటు. మొదటి పాయింట్‌కు ముందు, లాగే దారిలో, ఒక వ్యాగన్ పొడవు మేర కాటా. తుక్కు వ్యాపారమంతా తూకం మీదే కదా. నిండినదేదైనా కాటా ఎక్కకుండా బయటికి పోకూడదు. ఇప్పటి రైల్వే కాటాలు బండి మెల్లగా పోతుంటేనే తూచేస్తాయి కానీ, మనం పాతకాలపు కాటా పెట్టుకుందాం. వ్యాగన్ దానిమీద ఆగాలి, పిల్లలు ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టాలి, తర్వాతే కదలాలి.

ఎనిమిది ముక్కల ఆట

ఇప్పుడు అసలు ఆట. ఎనిమిది వ్యాగన్లకు ఎనిమిది చీటీలు రాయండి. పొడుగు సైడింగ్‌లో ఐదు, క్రేన్ సైడింగ్‌లో మూడు వ్యాగన్లు ఎలాగోలా పెట్టేయండి. చీటీలు కలిపి ఐదు తీయండి. ఆ ఐదు వ్యాగన్లూ, ఏ వరసలో చీటీలు వచ్చాయో ఆ వరసలోనే, పొడుగు సైడింగ్‌లో బండిగా నిలబడాలి. చేత్తో ఎత్తి పెట్టకూడదు. ఇంజనే లాగాలి, ఇంజనే నెట్టాలి.

వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కూర్చున్నాక తెలుస్తుంది! కావలసిన వ్యాగన్ ఎప్పుడూ వెనకే ఉంటుంది. దాన్ని తీయాలంటే ముందున్న రెండింటినీ ఎక్కడో పెట్టాలి. పెట్టిన చోట ఇంకోదానికి అడ్డం. ఎనిమిదింటిలో ఐదింటిని వరసగా నిలిపే తీర్లు 8×7×6×5×4, అంటే 6,720. రోజుకొకటి చొప్పున ఆడినా అన్నీ పూర్తవడానికి 18 ఏళ్లు దాటుతుంది. ఏ వరస వచ్చినా దానికి పరిష్కారం తప్పకుండా ఉంటుంది, ‘ఇది కుదరదు’ అని లేచిపోవడానికి వీల్లేదు. లెక్కలంటే భయపడే పిల్లలకు ప్రస్తారాలు నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనపడలేదు.

ఒక్కరే ఆడనక్కర్లేదు. ఒకరు ఇంజన్ డ్రైవరు, ఒకరు పాయింట్స్‌మన్, ఇంకొకరు చీటీ చదివి ఎర్రజెండా పచ్చజెండా చూపే గార్డు. (గార్డు పేరును రైల్వే 2022లో ‘ట్రైన్ మేనేజర్’గా మార్చింది. మన యార్డులో మాత్రం గార్డే బాగుంటుంది.) డ్రైవరు చీటీ చూడకూడదు, జెండానే చూడాలి. మొదటి పూట గొడవలవుతాయి. రెండోపూటకి ఇంటిల్లిపాదికీ ఓ భాష కుదిరిపోతుంది.

ఇలాంటి షంటింగ్ ఆటలకు ఇంకో పెద్దాయన పేరు కూడా చెప్పుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జాన్ అలెన్. ఆయన 1972లో ‘టైంసేవర్’ అని ఇంకాస్త ముదురు ఆట తయారుచేశాడు. ఇంటి కింది గదిలో ఆయన కట్టిన నమూనా రైల్వే ఆ లోకంలో ఓ పుణ్యక్షేత్రంలాంటిది. బొమ్మలంటే కొత్తగా తళతళలాడాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆయన ఇంజన్లకు మసి పూసి, గోడలకు పెచ్చులూడగొట్టి, పాతబడిన లోకాన్ని చూపించాడు. 1973 జనవరిలో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఇంట్లో నిప్పు రాజుకుని రైల్వే దాదాపు మొత్తం కాలిపోయింది. మిగిలినవి ఆయన తీసిన ఫొటోలే. మీ యార్డుకు కూడా అప్పుడప్పుడూ ఫొటోలు తీసి పెట్టుకోండి.

మన దేశంలో ఇలాంటివి చూడాలంటే పుణె వెళ్లొచ్చు. కొత్రుడ్‌లో భావుసాహెబ్ జోషి కట్టిన బుల్లి రైళ్ల మ్యూజియం 1998 ఏప్రిల్ 1న మొదలైంది. సిగ్నళ్లు, ఫ్లైఓవరు, కొండరైలు... అన్నీ ఒకే నగరంలో నడుస్తాయి.

జాజు, డికాక్షన్, ఓ మేకు

తుక్కు కుప్పలు కట్టడం ఈ పనిలోకెల్లా రుచి. ముందు థర్మోకోల్ ముక్కను మట్టిగుట్టలా చెక్కి పెట్టండి. తుక్కంతా పైపైన అతికిస్తే చాలు, లోపల నింపక్కర్లేదు. అరిగిపోయిన బాల్‌పెన్నుల స్ప్రింగులు, ఆగిపోయిన గడియారంలో పళ్లచక్రాలు, తెగిన జిప్పులు, మాత్రల రేకులు, రాగితీగ పోగులు, టూత్‌పేస్టు ట్యూబు ముక్కలు... సంక్రాంతికి ఇల్లు దులిపితే దొరికేవన్నీ పనికొస్తాయి. పళ్లచక్రం రైలు చక్రమవుతుంది. జిప్పు ముక్క గొలుసవుతుంది.

ఇప్పుడు తుప్పు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఎలా అవుతుందో తీరం వాళ్లకి చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచలు చూసుకుంటే చాలు. కొత్త తుప్పు నారింజ రంగులో ఉంటుంది, ముదిరితే ముదురు గోధుమ, ఇంకా ముదిరితే దాదాపు నలుపు. ఒకే రంగు పూసేస్తే అది తుప్పులా కాదు, పెయింటులా ఉంటుంది. ఫెవికాల్ కలిపిన నీళ్లలో, గడపలకు పూసే జాజు కొంచెం వేసి ముందు పూత వేయండి. ఆరాక చిక్కటి కాఫీ డికాక్షన్ అక్కడక్కడా. చివరికి పొయ్యి మసి వేలితో రాయండి. ఇటుకపొడి చల్లితే నేల కూడా ఎర్రబారుతుంది. నిజం యార్డుల్లో నేల అలాగే ఉంటుంది.

క్రేన్ అయితే నిజంగానే పనిచేయాలి. రెండంగుళాల ఇనప మేకుకు ఎనామిల్ పూత ఉన్న సన్నటి రాగితీగ నూరు, నూటయాభై చుట్లు చుట్టండి. తీగ రెండు కొసలా పూత గీకేసి, పెన్సిల్ సెల్లుకు తాకిస్తే మేకు అయస్కాంతమవుతుంది. స్టాప్లర్ పిన్నులను లాక్కుంటుంది. తీసేస్తే వదిలేస్తుంది. పెద్ద యార్డుల్లో టన్నులెత్తే క్రేన్లదీ ఇదే కిటుకు. అది ఇనుమునే పడుతుంది, రాగినీ అల్యూమినియంనూ వదిలేస్తుంది. ఎత్తడమూ ఏరడమూ ఒకేసారి! అయితే తీగ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి పదిసెకన్లకు మించి తాకించి ఉంచొద్దు. ఇంట్లో కరెంటు ప్లగ్గు జోలికి అసలు పోవద్దు.

ఇక్కడో ముఖ్యమైన జాగ్రత్త. దీన్ని చెప్పకపోతే ఇంజన్ పోయాక నన్ను తిట్టుకుంటారు. బొమ్మ ఇంజన్ మోటారులో కూడా అయస్కాంతం ఉంటుంది. ఇనప రజను, స్టీలు పీచు, పిన్నుల తునకలు పట్టాల మీద పడితే ఇంజన్ వాటిని కడుపులోకి లాక్కుని బిగుసుకుపోతుంది. కాబట్టి కుప్పలకు అతికించేవన్నీ రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ అయితే మంచిది. స్ప్రింగుల్లాంటి ఇనప ముక్కలుంటే ఫెవికాల్‌తో గట్టిగా అంటిపోవాలి. క్రేన్ ఎత్తే పిన్నులు మాత్రం లెక్కపెట్టి ఓ డబ్బాలో ఉంచండి. ఇరవై తీస్తే ఇరవై వెనక్కి రావాలి.

వస్తువుల కోసం పిల్లలను నిజం తుక్కు కొట్లలోకి తోలకండి. తుప్పు మేకులు గుచ్చుకోవడం ఒకటే కాదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో ఏం జరిగిందో గుర్తుందా? ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత పరికరం ఒకటి అక్కడికి చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని తెలియక విప్పారు. రేడియేషన్ సోకి పనివాడొకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అలాగే ఫొటోల కోసం పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం. ప్లాట్‌ఫామ్ మీద నుంచి చూసినా బోలెడు కనిపిస్తుంది.

మాయాపురి మాట వచ్చింది కాబట్టి... యార్డు కట్టి, మనుషులను పెట్టడం మర్చిపోవద్దు. చాలామంది నమూనా రైల్వేల్లో ఇంజన్ మీద ప్రతి మేకూ కనిపిస్తుంది, పనిచేసే మనిషి కనిపించడు. హెచ్ఓలో మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లలోపే. ఎమ్‌సీల్ ముద్దతో, సన్నటి తీగతో చేసుకోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకుని గ్యాస్ కట్టర్ పట్టుకున్నవాడు ఒకడు, తలగుడ్డ చుట్టుకుని ముక్కలు ఏరే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు, కాటా దగ్గర చిట్టా రాసే గుమాస్తా. కట్టర్ కొసన మిణుకుమనే నీలం ఎల్ఈడీ ఒకటి పెడితే సాయంత్రం గదిలో లైటు తీసి చూడండి!

నీలం పెట్టె సగం

యార్డులో ఏం పడేయాలి అన్నది మీ ఇష్టం. నా ఓటు మాత్రం నీలం రంగు ఐసీఎఫ్ పెట్టెకు. పెరంబూరులోని ఐసీఎఫ్‌లో ఆ రకం పెట్టెల తయారీ 2018 జనవరిలో ఆగిపోయింది. వాటి స్థానంలో ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చాయి. అవి భద్రమైనవే, కాదనలేం. కానీ మనలో ముప్పై దాటినవాళ్లు తిరుపతికో మద్రాసుకో వెళ్లింది ఆ పాత పెట్టెల్లోనే. కిటికీ అడ్డకమ్మీలు, ఆకుపచ్చ రెక్సిన్ బెర్తులు, గొలుసుకు వేలాడే మధ్య బెర్తు... సాధారణంగా పాతికేళ్లు నడిచాక అవి తుక్కుకే పోతాయి. ఇంకొన్నేళ్లకు పిల్లలకు చూపిద్దామన్నా పట్టాల మీద దొరకవు. మ్యూజియంలో ఒకటో రెండో మిగులుతాయి. డీజిల్ ఇంజన్లదీ అదే వరస. 1962లో అమెరికా నుంచి ఆల్కో కంపెనీ ఇంజన్లుగా వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2లు కరెంటు లైన్లు పెరిగేకొద్దీ మూలకు చేరాయి. ఆ ఇంజన్ల అమెరికా దాయాదుల నమూనాలు విదేశాల్లో దొరుకుతాయి. ఒకటి తెప్పించి మన రంగులు వేసుకోవచ్చు.

పూర్తి ఐసీఎఫ్ పెట్టె హెచ్ఓలో దాదాపు పాతిక సెంటీమీటర్లు. మన పలకకు అది ఎక్కువ. తుక్కు యార్డు కాబట్టి ఆ బాధా లేదు. కట్టర్‌తో నరికిన సగం పెట్టెను పెట్టండి. అట్టతో చేయండి. తెగిన చోట లోపలి సీట్లు కనపడాలి. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లుంటే సీట్లు ఎలా ఉండేవో, కూజా ఎక్కడ పెట్టుకునేవారో అడగండి. వాళ్లు చెప్తుంటే పిల్లలు గీస్తారు. ఆ అట్టపెట్టెకు రెండు సాయంత్రాలు పడుతుంది, రెండూ బాగుంటాయి.

తెలిసినవాళ్లు ఒక తప్పు పడతారు, ముందే చెప్తా. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1,435 వస్తుంది. అది హైదరాబాద్ మెట్రో కొలత. మన రైల్వే బ్రాడ్‌గేజ్ 1,676. నిజంగా చేయాలంటే బొమ్మలో 19 మిల్లీమీటర్లకు పైన ఉండాలి. అలాంటి పట్టాలు చేత్తో వేసుకునే పట్టుదల ఉన్నవాళ్లున్నారు. మనకొద్దు. ఎవరైనా స్కేలు పట్టుకుని వస్తే వాళ్లకి కాఫీ ఇచ్చి, ఎనిమిది చీటీలు చేతిలో పెట్టండి.

పలక ఒక చివర గోడకు ఆనుకుంటుంది కదా, వ్యాగన్లు బయటి నుంచి ఎలా వస్తాయి అనే ప్రశ్న మిగిలింది. అక్కడ అట్టతో చిన్న గుట్ట కట్టి, దానికో సొరంగం పెట్టండి. అవతల కనపడకుండా రెండడుగుల పలక తగిలిస్తే సిద్ధంగా ఉన్న బండి అందులో దాక్కుంటుంది. చేర్లోపల్లి-రాపూరు మధ్య అసలు సొరంగం 6.6 కిలోమీటర్లు. హెచ్ఓ లెక్కన అది 76 మీటర్లు, మీ వీధి మలుపు దాకా పోతుంది. మనకు నాలుగంగుళాలు చాలు. వెంకటాచలానికీ ఆ కొండలకూ అంత దగ్గరెక్కడుందని ఎవరైనా అడిగితే, పొలాలన్నీ మడిచి మంచం కింద పెట్టామని చెప్పండి.